అందరి తలలూ ఒకే రోజున

భవానీపూర్, కలకత్తా
7 జులై 1986

వదిన గారికి,

నమస్కారం. మీ అమ్మాయి మా ఇంటికొచ్చి అయిదు వారాలైంది. మొదటి వారం రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని వీధి చూసేది, ఇప్పుడు మానేసింది. అన్నం తింటోంది. కింద వాటాలో ఉండే ఇంటావిడని మాసీమా, అంటే పిన్నీ, అని పిలవడం నేర్చుకుంది. బళ్ళో పిల్లలకి తవిటమ్మ అనడం నోరు తిరగక తొబితా అంటున్నారట. ‘ఇద్దరు పిల్లలు పోయాక పుట్టిందని తవుడుకి అమ్మి కొనుక్కున్నారు, అందుకే ఆ పేరు’ అని నేను మాసీమాకి చెబితే, ఆవిడ కూడా మా బెంగాల్లో ఇలాంటి పేర్లు ఉన్నాయని ఏవో చెప్పింది. పోయిన ఆదివారం మీ తమ్ముడు తనని మెట్రో రైలు ఎక్కించారు. కదిలే మెట్లు చూసి, “మామయ్యా, మెట్లకేటయ్యింది, ఎల్లిపోతన్నాయి?” అని ఆయన చొక్కా వదల్లేదట.

ఇక అసలు సంగతి. పిల్ల తలలో పేలు పడ్డాయి. శనివారం బడి నుంచి డైరీలో చీటీ వచ్చింది, ఇక్కడి వాళ్ళు ఉకూన్ అంటారు. విప్పి చూస్తే చెవుల వెనకా మెడ మీదా ఈపులు గింజల్లా అంటుకుని ఉన్నాయి. మీ వైపు నుంచే తెచ్చుకుందో, బళ్ళో బెంచీ మీద పట్టాయో తెలియదు. మా ఇళ్ళలో ఇలాంటివి అలవాటు లేక నాకు ఏం చేయాలో తోచడం లేదు. కిరసనాయిలు రాయమని ఒకరు, సీతాఫలం గింజలు నూరి పెట్టమని ఒకరు చెబుతున్నారు. మీరు నర్సు కాబట్టి సరైన పద్ధతి మీరే రాయాలి.

పిల్ల మిమ్మల్ని అడిగానని చెప్పమంది. బెంగ పెట్టుకోవద్దు.

మీ
హైమ

*

సీతంపేట
17 జులై 1986

చి. సౌ. హైమకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను కొండ మీద ఉన్నాను. నాలుగు రోజుల తర్వాత దిగొచ్చి, టీకాల పెట్టె కింద పెట్టి, కాళ్ళయినా కడుక్కోకుండా చదివాను. పిల్ల తిండి తింటోందన్న ఒక్క మాటతో సగం అలసట తీరింది.

ముందు ఒక మాట. నేను పంపిన రోజున పిల్ల తల అద్దంలా ఉంది. ముందు రోజు రెండు గంటలు కూర్చుని చూసి పంపాను. ఏజెన్సీ నుంచి వచ్చిందని తలలో అడవి పెట్టుకుని రాలేదు.

ఇప్పుడు పద్ధతి చెబుతాను, ఈ కాగితం గోడకి అంటించుకో. కిరసనాయిలు జోలికి పోవద్దు, స్టవ్ దగ్గర తిరిగే పిల్ల. సీతాఫలం గింజలు అసలే వద్దు, కంట్లో పడి చూపు మందగించిన వాళ్ళని ఇద్దరిని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కొబ్బరి నూనె తల తడిసి కారేటట్టు పట్టించి, గుడ్డ కట్టి మూడు గంటలు ఉంచు. నూనెలో పేను ఎక్కువ పరుగెత్తలేదు. ఆ తర్వాత ఎండ బాగా ఉన్న చోట కూర్చోబెట్టి, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని, వేలెడు వేలెడు పాయ తీసి పేల దువ్వెనతో మొదలు నుంచి కొస దాకా దువ్వు. కుంకుడుకాయతో తలంటు. ఈపిని దువ్వెన వదిలేస్తుంది, దాన్ని రెండు గోళ్ళ మధ్య పట్టి లాగాల్సిందే, వేరే దారి లేదు. వారం పది రోజుల్లో ఈపి పగిలి పేను అవుతుంది కనుక మూడు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు చెయ్యి. ఒక్కసారి చేసి అయిపోయిందనుకునే వాళ్ళే ఎక్కువ మంది.

దిండు గలీబులు మరిగే నీళ్ళలో వెయ్యి. ఇంకొకటి, ఇది మరిచిపోవద్దు: ఇంట్లో అందరి తలలూ ఒకే రోజున చూడాలి. ఒక్క తల వదిలినా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

పిల్లకి జడ ఎవరు వేస్తున్నారో రాయి. కదలకుండా కూర్చోదు, కథ చెబితే కూర్చుంటుంది.

నీ వదిన
అరుంధతి

*

భవానీపూర్
12 ఆగస్టు 1986

వదిన గారికి,

మీరు రాసినట్టే అక్షరం తప్పకుండా చేశాను. డాబా మీద ఎండ వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టాను. వానల్లో ఎండ ఎప్పుడొస్తుందో తెలియదు కనుక రెండుసార్లు అన్నం మధ్యలో లేపి తీసుకెళ్ళాల్సి వచ్చింది. నూనె గుడ్డతో పిల్ల ఇల్లంతా తిరుగుతుంటే మీ తమ్ముడు, “ఏమే ముసలమ్మా, పింఛను వచ్చిందా?” అని ఏడిపించారు. రెండు వారాలూ పూర్తయ్యాయి. చివరిరోజు దువ్వితే తెల్లగుడ్డ మీద ఒక్కటి కూడా పడలేదు. ఆ సాయంత్రం పాయసం చేశాను.

అయిదో రోజుకి మళ్ళీ వచ్చాయి. ఈసారి పెద్దవే, ఈపులు పగిలి వచ్చినవి కావు.

నాకు ఒక అనుమానం ఉంది. మా ఇంట్లో పనికొచ్చే అమ్మన్నమ్మ గురించి మీకు రాయలేదు. మీ శ్రీకాకుళం మనిషే. ఆమె మొగుడు బైరాగి ఖిదిర్‌పూర్ ఓడల డాకులో మూటలు మోస్తాడు. పొద్దున నాకు వంట హడావుడి కాబట్టి పిల్లకి ఆమే జడ వేస్తోంది. ఇద్దరూ మీ వైపు మాటల్లో ఒకటే కబుర్లు, పిల్ల ఆమెని మామ్మా అంటుంది. వాళ్ళుండే బస్తీలో ఒక్కో గదికి ఎనిమిది మంది. పేలు వేరే ఎక్కణ్ణుంచి వస్తాయి? నిన్నటి నుంచి పిల్లని ముట్టుకోవద్దని చెప్పాను. పిల్ల మూతి ముడుచుకుంది.

అందరి తలలూ చూడమన్నారు. మీ తమ్ముడికి చూడడానికి తల ఉంది గాని జుట్టు లేదు. నాకు ఆ అవసరం లేదు.

సెప్టెంబరులో పరీక్షలు. ఇంకోసారి కనిపిస్తే పిల్లని ఇంటికి పంపేస్తామని దిదిమణి, అదే టీచరమ్మ, చెప్పి పంపింది. జుట్టు పొట్టిగా కత్తిరించేస్తే గొడవ వదులుతుందని మాసీమా అంటోంది. ఇక్కడ ఆడపిల్లలకి అది తప్పేమీ కాదు. మీరు ఊ అంటే చేయిస్తాను.

మీ
హైమ

*

సీతంపేట
20 ఆగస్టు 1986

హైమకి,

జుట్టు మీద కత్తెర పడకూడదు. వాళ్ళ నాన్న పోయి ఏడాది తిరగలేదు. ఆ ఒత్తు జుట్టు, ఆ వంకీలూ ఆయనవే, నాది ఎలక తోక. పిల్లలో ఆయన పోలిక అదొక్కటే మిగిలింది. అయినా నా కూతురి జుట్టు సంగతి తేల్చడానికి మాసీమా ఎవరు? పేనుకి పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందట.

అమ్మన్నమ్మ సంగతి. నేను రోజూ తిరిగేది గదికి ఎనిమిది మంది ఉండే ఇళ్ళలోనే. పేను గది చూసి ఎక్కదు, తల చూసి ఎక్కుతుంది. ఆఫీసరు పెళ్ళాల తలల్లోంచి కూడా నేను తీశాను. ఆమె తల విప్పి చూశావా? చూడకుండానే తీర్పు చెప్పావా?

నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే, రెండు వారాలు సరిగ్గా చేశాక అయిదు రోజుల్లో పెద్ద పేలు వచ్చాయంటే అవి పక్క తలలోంచి నడిచొచ్చినవే. పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది? ఎవరి దువ్వెన వాడుతుంది? నీ తల ఎవరు చూస్తున్నారు?

దీనికి సూటిగా జవాబు రాయి. ఇక్కడ మలేరియా కేసులు ఎక్కువగా ఉన్నాయి, ఊపిరాడడం లేదు. పిల్లకి పరీక్షలని తెలిసి సంతోషించాను, లెక్కలు దగ్గరుండి చేయించు.

అరుంధతి

*

భవానీపూర్
29 ఆగస్టు 1986

వదిన గారికి,

మీరడిగిన దానికి సూటిగానే జవాబు. నా తల నేనే చూసుకుంటాను. మా పుట్టింట్లో ఏ ఆడదానికీ పేలు పట్టిన దాఖలా లేదు. మీ అమ్మాయిని మా ఇంట్లో ఉంచుకుని, ఎండలో కూర్చుని, గోళ్ళు అరిగేలా తీసినందుకు నాకు దక్కిన బహుమానం ఇదన్నమాట. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికని చెప్పే రకం నేను కాదు, ఉన్నది ఉన్నట్టే రాశాను.

అమ్మన్నమ్మని పూర్తిగా మాన్పించేశాను. ‘నీ వల్లే’ అన్నాను. ఆమె పమిట నెత్తి మీదికి లాక్కుని, “నాను తేనేదమ్మా” అని వెళ్ళిపోయింది. మీ అమ్మాయి రెండు పూటలు అన్నం మానేసింది.

సోమవారం బడి నుంచి పిల్లని వెనక్కి పంపారు. తల శుభ్రమయ్యాకే రావాలట. పరీక్షలు పదిహేనో తారీఖున మొదలు. మందుల షాపులో ఏదో ద్రావకం కొని రెండుసార్లు పెట్టాను, రెండు రోజులు తగ్గినట్టు ఉండి మళ్ళీ మామూలే.

నా పెంపకం మీద నమ్మకం లేకపోతే మీ పిల్లని మీరు తీసుకెళ్ళవచ్చు. మీ తమ్ముడికి కూడా ఇదే చెప్పాను.

ఇట్లు
హైమ

*

సీతంపేట
6 సెప్టెంబరు 1986

హైమకి,

సరే. దసరాకి సెలవు పెట్టాను. అక్టోబరు తొమ్మిదిన పలాసలో మెయిలెక్కి పదో తారీఖుకి హౌరాలో దిగుతాను. తమ్ముణ్ణి స్టేషనుకి రమ్మను. పిల్లని తీసుకెళ్తాను. బట్టలు సర్ది ఉంచు.

తీసుకొచ్చి ఏం చేస్తానో కూడా రాస్తున్నాను, దాచడం దేనికి. ఇక్కడ బడి మూడో తరగతి వరకే, ఉన్న ఒక్క మాస్టారూ వారానికి రెండు రోజులు వస్తాడు. నేను కొండకి వెళ్ళినప్పుడు పిల్లని క్వార్టర్సులో ఒంటరిగా ఉంచలేను. నా వెనకే పెట్టె మోసుకుంటూ తిరుగుతుంది. మోస్తుంది, గట్టి పిల్లే. అలా తిరక్కూడదనే మీ దగ్గరికి పంపాను.

నేనడిగింది నర్సుగా అడిగాను. నీకు ఆడబిడ్డగా వినిపించింది. ఆ తప్పులో నాకూ వాటా ఉందేమో, నేను మాట మెత్తగా రాయలేను.

పరీక్షలకి కూర్చోనిస్తే కూర్చోబెట్టు. వచ్చిన చదువు ఎక్కడికీ పోదు.

అరుంధతి

*

భవానీపూర్
16 సెప్టెంబరు 1986

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇంక మర్యాదలు పక్కన పెట్టి రాసేస్తున్నాను. పేలు నావి.

మీరు ‘నీ తల ఎవరు చూస్తున్నారు’ అని రాసిన ఉత్తరం అందిన రోజున స్నానాల గదిలో తలుపేసుకుని, వెనకొకటి ముందొకటి రెండద్దాలు పెట్టుకుని చూశాను. కనిపించాయి. ఏప్రిల్ నుంచీ దురద ఉంది, చుండ్రు అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. మధ్యాహ్నాలు పిల్ల నా దిండు మీదే తల పెట్టుకుని పడుకుంటుంది. నేను చూసుకున్న తర్వాతే మీకు ఆ ఉత్తరం రాశాను, చూసుకున్న తర్వాతే అమ్మన్నమ్మని పంపించేశాను. తెలియక చేసిన తప్పు అని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఎలా బయటపడిందో చెబుతాను. మీ ఉత్తరం అంది, శనివారం నాడు పిల్ల పెట్టె సర్దడం మొదలుపెట్టాను, కోపంగానే. తను మంచం మీద కూర్చుని చూస్తోంది. నేను వంగి గౌన్లు మడత పెడుతుంటే, “అత్తా, నీ పాపిట్లో ఒకటి ఎల్తంది” అంది.

“ఎప్పుడు చూశావే?” అన్నాను.

“శానా దినాలయ్యింది.”

“మరెందుకు చెప్పలేదు?”

“సెప్తే నన్ను పంపిచ్చెస్తావని.”

“ఇప్పుడెందుకు చెప్పావు?”

“ఇప్పుడు పంపిచ్చెస్తన్నావు కదేటి” అంది. వెటకారం లేదు, ఏడుపూ లేదు. బళ్ళో దిదిమణి, ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా’ అని అడిగితే కూడా తనకొక్కదానికే అని చెప్పిందట. ఇక్కడే ఎందుకుండాలని ఉందే అని అడిగాను. “నానక్కడుంటే మాయమ్మ కొండకెల్లనేదు. ఉద్యోగం పోద్ది” అంది. తొమ్మిదేళ్ళ పిల్ల వదినా. మూడు నెలలుగా నా పరువూ మీ ఉద్యోగమూ తనే కాపలా కాసింది, బడి నుంచి గెంటించుకుని మరీ.

ఆ మధ్యాహ్నమే తన చెయ్యి పట్టుకుని ఖిదిర్‌పూర్ బస్సెక్కాను. అమ్మన్నమ్మ గది వెతకడానికి గంట పట్టింది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను తప్పు చేశానని చెప్పాను, అంత సులువుగా రాలేదు నోటికి. ఆమె విని, నెత్తి మీద పమిట తీసేసింది. వదినా, ఆమెకి గుండు. వేలి కణుపంత జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది. జూన్‌లో సింహాచలం వెళ్ళి అప్పన్నకి తలనీలాలిచ్చి వచ్చిందట. రోజూ నా ఇంట్లో అంట్లు తోమిన మనిషి పమిట కింద జుట్టుందో లేదో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

“అప్పుడు నున్నటి గుండు కదేటి, దాని మీద పేనేటి నిలబడుద్దమ్మా? కాలు జారి పడిపోదేటి?” అని నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. నేనూ నవ్వబోయి ఏడ్చాను.

“మరి అప్పుడే పమిట తీసి చూపించి ఉండవచ్చు కదా” అన్నాను.

“నువ్వు సూత్తానన్నేదు కదమ్మా. పొమ్మన్నేవు” అంది. తర్వాత పీట జరిపి, “కూకో” అంది.

గుమ్మంలో, వచ్చేపోయే వాళ్ళందరి ముందూ కూర్చున్నాను. సాయంత్రం దాకా చూసింది. పక్కన పిల్ల ఈపులు లాగింది. మా అమ్మ పోయి నాలుగేళ్ళు, ఈ ఊరొచ్చి మూడేళ్ళు. ఇన్నాళ్ళలో నా తల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. పేలున్నందుకు సిగ్గుపడ్డానని అనుకున్నాను గాని, చూసేవాళ్ళు లేరన్నదే నాకు అసలు సిగ్గు.

ఆదివారం అమ్మన్నమ్మ ఇంటికొచ్చి, మీరు చెప్పినట్టు అందరి తలలూ ఒకే రోజున చూసింది. మీ తమ్ముడి బట్టతల కూడా వదల్లేదు. నా తలకి మొదటి వాయి అయింది, ఇంకా నాలుగు మిగిలాయి. నిన్న బళ్ళో దిదిమణి పిల్ల తల చూసి లోపలికి రానిచ్చింది. మొదటి పరీక్ష లెక్కలు, బాగా రాశానంది.

తీసుకెళ్ళమని నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నోరు జారిన మాట కూడా కాదు, కలం పట్టుకుని రాసిన మాట, అందుకే ఎక్కువ సిగ్గుగా ఉంది. పిల్ల మీది. ఉంచుతారో తీసుకెళ్తారో మీ ఇష్టం. పెట్టె సగం సర్ది అలాగే ఉంది, నాకు చెయ్యి రావడం లేదు.

హైమ

*

సీతంపేట
25 సెప్టెంబరు 1986

హైమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నర్సుగా చదివి సంతోషించాను, వైద్యం ఇప్పుడు కుదిరింది. నాలుగు వాయిలూ అయ్యాక కూడా ఆదివారం ఆదివారం ఒకసారి దువ్వెన వేసి చూడండి. అమ్మన్నమ్మ జీతం పెంచమని నేను చెప్పను, నీకే తోచాలి.

రెండోసారి చదివినప్పుడు నేనూ ఒకటి ఒప్పుకోవాలనిపించింది. జులైలో నీ మొదటి ఉత్తరం చదివి నీమీద కోపం వచ్చిందని నువ్వు అనుకుని ఉంటావు. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. పిల్ల అక్కడ కుదురుకోలేదు, తల చూసే దిక్కు లేదు, ఇంక నా దగ్గరికి వచ్చేస్తుంది అనుకున్నాను. ఆ రాత్రి కడుపు నిండా అన్నం తిన్నాను. నీ ప్రతి ఉత్తరంలోనూ నీ తప్పు ఎక్కడుందా అని వెతికింది అందుకే. దొరికినకొద్దీ నాకు తేలికగా ఉండేది. పేలు నీ తలలో ఉంటే నా బుద్ధి నా తలలో ఉంది, అది దువ్వెనకి రాదు.

‘మాయమ్మ కొండకెల్లనేదు’ అందా? నేను ఒక్కసారి కూడా దానితో ఆ మాట అనలేదు. ఎప్పుడు విందో, ఎవరి దగ్గర విందో. నేను దాన్ని దాచి పెంచుతున్నాననుకుంటే, అదే నన్ను దాచుకుంటోంది.

దాన్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పు, నా మాటగా చెప్పు. ఎవరి తలలో ఏది కనిపించినా వెంటనే చెప్పాలని, చెప్పినందుకు ఎవరూ ఎక్కడికీ పంపించరని. ఇద్దరం చెబితే గాని నమ్మదు. నువ్వు ఇప్పుడు చెప్పు, నేను వచ్చాక చెబుతాను.

పెట్టెలో బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టు. పదో తారీఖు పొద్దున దిగుతాను. నాలుగు రోజులు ఉంటాను. నీ తల ఒకసారి నేనూ చూస్తాను. ఇష్టం లేకపోయినా కూర్చోవాలి, ఆడబిడ్డని కదా.

నిన్న పలాస వెళ్ళి రిజర్వేషన్ చేయించుకున్నాను. కౌంటర్లో అతను, తిరుగు ప్రయాణానికి ఎన్ని అని అడిగాడు. నా వెనక వాళ్ళు విసుక్కునేంత సేపు నిలబడి, ఒకటే తీసుకున్నాను.

నీ వదిన
అరుంధతి